కుట్ల అన్నమ్మ

మా తమ్ముడి టీ గ్లాసు సగమే నిండుతోందని ముందు గమనించాను. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి.

వాడు టీ మనిషి. గ్లాసు వేలెడు వెలితిగా ఉన్నా "ఏంటిది, దగ్గుమందా?" అని పెళ్ళాన్ని వేళాకోళం చేసేవాడు. అలాంటివాడు కొన్నాళ్ళుగా సగం గ్లాసు టీని మారుమాట లేకుండా అందుకుంటున్నాడు. అదీ రెండు చేతులతో, చలికాచుకుంటున్నట్టు. బయట చూస్తే ఎండకు రోడ్డు మీద తారు కరుగుతోంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో అలక అనుకుని ఊరుకున్నాను. ఆడపడుచు నోరు విప్పితే అలక కాస్తా యుద్ధమవుతుంది.

తర్వాత టంకం చూశాను. మాది రంగుటద్దాల కిటికీలు చేసే పని, పాతవి బాగుచేసే పని. గాజుముక్కల్ని సీసం పట్టీలతో ఒకదాని పక్కన ఒకటి కూర్చి, పట్టీలు కలిసిన ప్రతిచోటా టంకం చుక్క పెడతాం. తమ్ముడు పెట్టే చుక్క పప్పుబద్దలా నున్నగా, గుండ్రంగా ఉండేది. ఈమధ్య చుక్కలు జారి తోకలు లాగుతున్నాయి. నేను గుడ్డతో తుడుస్తుంటే వేలికి గరుకుగా తగిలాయి.

"తొందరలో పెట్టావా?" అన్నాను.

"టంకం ఇనుము సరిగా కాగలేదు."

ఇనుము కాగకపోతే చేతిని జేబులో పెట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. నిజానికి అర్థమైంది. అర్థమైనదాన్ని పక్కకు నెట్టాను.

పని గది కింద, ఇల్లు పైన. ఆ గది మా ఆయన పెట్టినది. తమ్ముడు మీసాలు రాని వయసులో ఆ బల్ల దగ్గరే ఆయన చేతికింద చేరాడు. ఆయన పోయాక వాడు గురువయ్యాడు, నేను వాడి ఇంట్లో మనిషినయ్యాను. గాజు మురికి కడగడం, సీసం సాగదీయడం, పట్టీల సందుల్లో లప్పం కూరి బ్రష్షుతో మెరుగు పెట్టడం నా వంతు. మరదలికి ఈ పనితో సంబంధం లేదు. పైన కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, పాత బట్టలు విప్పి కొత్త కొలతలకు కుట్టి ఇస్తుంది. "మీ అక్కాతమ్ముళ్ళది పగిలే వ్యాపారం, నాది చిరిగే వ్యాపారం. లోకంలో ఈ రెండింటికీ లోటుండదు" అంటుంది.

మా వీధి చివర గుడి, పాతకాలపు చర్చి. బయటి నుంచి రాతి కోటలా బిగుసుకుని ఉంటుంది. గోడల మందం ఎంతంటే కిటికీ గూట్లో మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. లోపలికి అడుగుపెడితే మాత్రం ఆ బరువంతా ఎటు పోయిందో తెలియదు. స్తంభాలు సన్నగా పైకి లేచి, కొసన చేతివేళ్ళలా విడిపోయి, కప్పును పట్టుకుని ఉంటాయి. కప్పు బరువు ఆ వేళ్ళలోంచి స్తంభాల్లోకి, స్తంభాల్లోంచి నేలలోకి దిగిపోతుందట. అందుకే గోడకు అంత పెద్ద కన్నం పెట్టి గాజు నింపగలిగారని మా ఆయన చెప్పేవాడు. ఆయన ఎన్నిసార్లు చెప్పినా, ఆ వేళ్ళు ఏదో ఒకరోజు అలసిపోతాయేమోనని తల ఎత్తినప్పుడల్లా నాకు భయం వేసేది.

దక్షిణం గోడకున్న ఆ పెద్ద కిటికీలో అన్నమ్మ గారు కూతురు మరియకు, అంటే ఏసు తల్లికి, చదువు నేర్పుతూ ఉంటుంది. తల్లి కూర్చుని ఉంటుంది, పిల్ల ఆమె మోకాలికి ఆనుకుని నిలబడి ఉంటుంది, ఇద్దరి మధ్య తెరిచిన పుస్తకం. తల్లి దుస్తులు ముదురు ఎరుపు. పూజ వేళకు ఎండ పడిందంటే ఎదుటి స్తంభం ఎర్రటి నీళ్ళతో తడిసినట్టుంటుంది. నాకు చదువు రాని రోజుల్లో ఆ పుస్తకంలో ఏం రాసి ఉంటుందోనని చాలా ఊహించుకునేదాన్ని. పెద్దతనంలో అక్షరాలు నేర్చుకున్నాక వెళ్ళి పనిగట్టుకుని చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు. గీసినవాడు కుంచెతో అడ్డగీతలు లాగి వదిలేశాడు. పాపం ఆ పిల్ల ఇన్నేళ్ళుగా గీతలు చదువుతోంది.

ఎప్పుడో, ఇప్పుడున్న వాళ్ళెవరూ పుట్టని కాలంలో, అన్నమ్మ గారి ముఖం పగిలింది. అప్పటివాళ్ళు పగిలిన ముక్కల్ని సీసం పట్టీలతో కలిపి నిలబెట్టారు. నుదుటి మీద ఒకటి, చెంప మీద ఒకటి, గడ్డం మీదుగా ఒకటి, నల్లటి గీతలు. దూరం నుంచి చూస్తే గాయానికి వేసిన కుట్లే. అందుకే మా వాళ్ళంతా ఆమెను కుట్ల అన్నమ్మ అంటారు. ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళు ఆమె ముందు కొవ్వొత్తి వెలిగించి వెళ్తారు.

సీసం కూడా మనిషి లాంటిదే, ఏళ్ళ తరబడి మోసి మోసి అలసిపోతుంది. కిటికీకి మధ్యలో పొట్ట వచ్చింది. గాలి కొట్టినప్పుడల్లా ముఖం ముక్కలు గలగలమనేవి. ఫాదరు గారు ప్రసంగం మధ్యలో ఆగి పైకి చూసేవారు. చూసి, దించిన తలతో వేరే మాట అందుకునేవారు.

చివరికి ఒకరోజు తమ్ముణ్ణి పిలిపించారు. వెంట నేనూ వెళ్ళాను.

"మొత్తం దించి కొత్త సీసం కట్టాలి ఫాదర్," అన్నాడు తమ్ముడు. "ముఖం మీద మాత్రం పట్టీలు వెయ్యను. ముక్కల్ని అంచుకు అంచు పెట్టి జిగురుతో అతుకుతా. కుట్లు కనపడవు."

"తీసేటప్పుడు పగిలితే?"

"పగలదు."

"పగిలితే అని అడుగుతున్నానయ్యా."

"అలాంటి ముఖం గీసే చెయ్యి ఇప్పుడు ఎక్కడా లేదు ఫాదర్. పగిలితే ఇక అంతే. అందుకే పగలనివ్వను."

ఆ మాట అంటున్నంతసేపూ వాడి చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయి. ఫాదరు గారికి అది వినయంలా కనిపించి ఉంటుంది. వెనక నిలబడ్డదాన్ని నేను. ఎడమచెయ్యి కుడి మణికట్టును గొంతు నులుముతున్నట్టు పట్టుకుని ఉంది.

గుడి తలుపులు తీసి మూసే పెద్దాయనను అందరూ తాళాల తాత అంటారు. ఆయన మాతో గుమ్మం దాకా వచ్చాడు. "కుట్లు తీసేస్తారా? మా అమ్మ మొక్కుకున్నది ఆ కుట్లకే. కుట్లు లేని అన్నమ్మ ఎవరికి కావాలి?" అన్నాడు.

"నీకు పళ్ళు ఊడితే కట్టించుకోలేదా తాతా? అలాగే అనుకో," అన్నాడు తమ్ముడు. నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను.

కిటికీ దించే రోజు పరంజా వేశారు. తాపీ మేస్త్రీ రాతి గాడిలో గట్టిపడిన సున్నాన్ని ఉలితో రాలుస్తుంటే, తమ్ముడు అడ్డకడ్డీలకు కట్టిన రాగి తీగలు విప్పాలి. కింది భాగాలన్నీ బాగానే దిగాయి. ముఖం ఉన్న భాగం దగ్గర మాత్రం వాడు ఆ చిన్న తీగతో చాలాసేపు కుస్తీ పట్టాడు. పటకారు రెండుసార్లు జారింది.

"ఏంటన్నా, అన్నమ్మ గారి ముందు సిగ్గుపడుతున్నావా?" అన్నాడు మేస్త్రీ.

కింద దుప్పటి పరిచిన చెక్క బల్లను పట్టుకుని నేను నిలబడ్డాను. తీగ విడింది. ఆ భాగం తాడు మీద ఊగుతూ నా చేతుల్లోకి దిగింది. అంత దగ్గరగా ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. పైన కిటికీ గూట్లో చెక్కలు కొట్టారు. ఆ పక్క బలిపీఠం చీకటైపోయింది.

ఇంటికొచ్చాక తలుపు వేసి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"నాతోనా నీ నాటకం."

"చలికి అక్కా, వేళ్ళు కొంకర్లు పోయి..."

"బయట కాకులు సొమ్మసిల్లి పడుతుంటే చలేంట్రా?"

వాడు కాసేపు బల్ల మీది గాజుపెంకులు ఊడ్చాడు. ఊడ్చినవే మళ్ళీ ఊడ్చాడు. తర్వాత కుడిచెయ్యి బల్ల మీద పెట్టి నాకు చూపించాడు. బొటనవేలూ చూపుడువేలూ, కనపడని గింజనేదో నలుపుతున్నట్టు, వాటంతటవే ఆడుతున్నాయి.

"ఆపాలనుకుంటే ఆగదు. మర్చిపోతే ఒక్కోసారి ఆగుతుంది," అన్నాడు. "ఇదొక్కటి అవనీ అక్కా. తర్వాత నువ్వు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే అక్కడికి వస్తా. నీ మరదలికి మాత్రం చెప్పకు. నోరు తెరిచి ఏడవదు, లోపల్లోపల కుమిలిపోతుంది."

"మరి ముఖం?"

"ముఖం నేనే తీస్తా."

మా ఆయన పెట్టిన కట్టుబాటు అది. కిటికీలో ఎవరు ఏ ముక్కయినా ముట్టుకోవచ్చు, ముఖం జోలికి మాత్రం గురువే వెళ్ళాలి. అదీ అన్నిటికంటే చివర. ఆయన ఉన్నన్నాళ్ళూ తమ్ముణ్ణి కూడా ముఖం తాకనివ్వలేదు. ఆయన పోయాక వాడు మొదటిసారి ఒక ముఖం ఎత్తిన రోజున స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వాణ్ణి ఆ బల్ల దగ్గరినుంచి లెమ్మని ఎవరనగలరు? నేను అనలేకపోయాను. చెప్పకపోతే ముఖం పోతుంది, చెబితే వాడు పోతాడు. మింగలేక కక్కలేక తిరిగాను.

ముందుగా కిటికీ మీద కాగితం పరిచి నల్లమైనం రుద్ది పట్టీల అచ్చు తీశాం. ఏ ముక్క ఎక్కడిదో అచ్చు మీద అంకెలు వేశాను. తర్వాత పాత సీసం విప్పడం. అంచుల్లోని ఆకులు, ఆకాశం, కుర్చీ, పిల్ల గౌను, ఎర్రటి దుస్తులు, గీతల పుస్తకం, అన్నీ విడివడి ట్రేలలోకి చేరాయి, నా చేతుల కింద మురికి వదిలించుకున్నాయి, కొత్త సీసంలో కూర్చున్నాయి. టంకం నన్ను పెట్టమన్నాడు. "నీకూ అలవాటు కావాలి కదా" అన్నాడు, ఈ వయసులో నేను కొత్తగా కొలువుకు వెళ్ళబోతున్నట్టు. కుర్చీ కాలి ముక్క అంచున, పట్టీ కింద దాగే చోట, మా ఆయన గుర్తు కనిపించింది. సూదిమొనతో గీసిన చిన్న చేప. ఎప్పుడో ఆ మూల బాగుచేసి ఉంటాడు. పాత కిటికీ బాగుచేసిన ప్రతివాడూ సీసం కింద తన గుర్తు ఒకటి గీసి మూసేస్తాడు. మళ్ళీ విప్పినవాడికి తప్ప ఎవరికీ కనపడదు. ఆ చేప తోక ఎంత తిన్నగా ఉందో తమ్ముడు చాలాసేపు చూశాడు.

చివరికి బల్ల మీద ముఖం ఒక్కటే మిగిలింది. ఏదో ఒక సాకుతో రోజులు జరిగాయి. ఇవాళ మబ్బు, వెలుతురు చాలదన్నాడు. మర్నాడు చాకుకు పదును లేదన్నాడు. పదును పెట్టాక, మరీ పదునైందన్నాడు. ఫాదరు గారు గొడుగు ఊపుకుంటూ వచ్చి గుమ్మంలోంచే అడిగారు.

"ఎంతవరకు వచ్చిందయ్యా? వానలొస్తే ఆ చెక్కలు ఆగవు."

"ముఖం ఒక్కటే ఫాదర్."

"దేవుడి దయ," అని ఆయన వెళ్ళిపోయారు. దయ ఎటువైపు ఉందో నాకు తోచలేదు.

ఆ మర్నాడు పొద్దున నేను లప్పం కలుపుతుంటే తమ్ముడు ఉతికిన చొక్కాతో దిగి వచ్చాడు. చొక్కా చూడగానే లప్పం కలపడం ఆపేశాను. వాడు కూర్చుని చాకు అందుకున్నాడు. సీసం పట్టీకి రెండు పెదవులుంటాయి, గాజు వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. పై పెదవిని కోసి, వెనక్కి మడిచి, గాజును బయటికి జార్చాలి. సీసం మెత్తనిదే, అయినా కొంత బలం పెట్టాలి. ఆ బలం ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి.

నుదుటి పట్టీ దగ్గర మొదలుపెట్టాడు. ఎడమచేత్తో కుడిచేతిని అదిమిపట్టి కోస్తున్నాడు. కొంతదూరం చక్కగా వెళ్ళింది. అంతలో బొటనవేలు ఆడింది. చాకు పట్టీ దాటి జారింది.

చాలా చిన్న చప్పుడు. పంటికింద రాయి పడ్డట్టు.

ఇద్దరం కదల్లేదు. కదిలితే ఏం కనపడుతుందోనని భయం. నేనే ముందు వంగి చూశాను. ముక్క నిలువునా పగల్లేదు. నుదుటి అంచున నువ్వుగింజంత పెచ్చు లేచింది. పట్టీలుంటే కప్పేవి. ఇప్పుడు పట్టీలు ఉండవు.

తమ్ముడు చాకును బల్ల మీద పెట్టాడు. అది కూడా చప్పుడు కాకుండా పెట్టలేకపోయాడు. లేచి వీధి గుమ్మం మెట్టు మీద నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఇక ఆగడం నా వల్ల కాలేదు. మెట్లెక్కి పైకి వెళ్ళాను. మరదలు వంటగదిలో టీ గ్లాసుల్లోకి వంచుతోంది. నాకు నిండా పోసింది. రెండో గ్లాసు సగం కాగానే చెయ్యి ఆపింది. నేను చెప్పాలనుకున్నదంతా గొంతులో ఉండగా, నోటికి మాత్రం ఈ మాట వచ్చింది.

"సగమే పోస్తావేంటమ్మా రోజూ?"

మరదలు గిన్నె దించింది. "నిండా పోస్తే తొణుకుతుంది వదినా."

నేను అందుకోబోయిన గ్లాసును అక్కడే వదిలేశాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"గుండీల దగ్గర తెలిసింది. 'ఆలస్యమవుతోంది, నువ్వు పెట్టు' అనేవారు. కింద గదికి వెళ్ళడానికి ఈయనకు ఆలస్యమేంటి, బస్సు తప్పిపోతుందా?" చీర కొంగుతో గ్లాసు అడుగు తుడిచింది. "ఇప్పుడు చొక్కాలన్నిటికీ కాజాలు కాస్త పెద్దవి చేశాను. ఆయనే పెట్టుకుంటున్నారు. బాగానే ఉన్నాననుకుంటున్నారు."

"నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"అన్నయ్యగారు పోయాక మీకు ఇంకో దిగులెందుకని. మీరు నాకు చెప్పారా మరి?"

ముగ్గురం ఒకే సంగతిని ఒకరినుంచి ఒకరం దాచుకుంటూ, ఒకే ఇంట్లో ఒకరికొకరం అడ్డురాకుండా తిరుగుతున్నాం. పెచ్చు లేచిన సంగతి చెప్పాను. ఆమె గ్లాసు పట్టుకుని కిందికి దిగింది. వెనకే నేను.

మమ్మల్ని చూడగానే తమ్ముడి చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"జేబులో ఏం దాచారు, బఠాణీలా?" అంది మరదలు. గ్లాసు మెట్టు మీద పెట్టి, ఆ చేతిని బయటికి లాగి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

తమ్ముడు నా వైపు చూశాడు. "చెప్పేశావా?"

"నేను చెప్పలేదు. తనే నాకు చెప్పింది."

వాడు టీ వైపు చూశాడు. సగం గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు తెలిసి ఉంటుంది వాడికి.

మరదలు లోపలికొచ్చి బల్ల మీదికి వంగింది. చేతులు వెనక్కి పెట్టుకునే చూసింది. "వీటినేగా అందరూ కుట్లు అనేది. విప్పడమేగా. నేను రోజూ చేసే పనే."

"అది బట్ట కాదు," అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

"తెలుసు. బట్టయితే మీరెందుకు?"

"ముఖం జోలికి గురువు తప్ప వెళ్ళకూడదు. బావ కట్టుబాటు."

ఇద్దరూ నన్ను చూశారు. కట్టుబాటు పెట్టిన మనిషి లేడు, ఆయన పెళ్ళాన్ని నేనున్నాను. "మీ బావ అన్నది ముఖం దగ్గర గురువు కన్నుండాలని. నీ కళ్ళకేం రోగం? కూర్చుని చూడు," అన్నాను. ఆయన సరిగ్గా ఏమన్నాడో దేవుడికెరుక. ఆయన వచ్చి నన్ను అడగబోవడం లేదు.

తమ్ముడు వెంటనే ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున పాత పట్టీల తుక్కు, పనికిరాని గాజుముక్కలు బల్ల మీద పోసి, "ముందు వీటి మీద చెయ్యి" అన్నాడు. అలా కొన్ని పొద్దులు గడిచాయి. వాడంత చెడ్డ గురువును నేను చూడలేదు.

"నొక్కకు. అది కాలరు కాదు."

"కాలరైతే మీ మెడకు ఎప్పుడో బిగించేదాన్ని."

"చాకును లాగు, తొయ్యకు. తోస్తే ఎటు పోతుందో నీకు తెలియదు."

"పెళ్ళయినప్పటి నుంచీ మీతో నా అనుభవం అదే."

తుక్కు గాజు ఆమె చేతిలో ముందు పగిలింది, తర్వాత తక్కువ పగిలింది, తర్వాత పగలడం ఆగింది. అయినా నాకు నిద్ర లేదు. తుక్కు పగిలితే ఊడ్చుకుంటాం. దీన్ని ఏ చీపురుతో ఊడుస్తాం?

ఆ రోజు ఎండ తేటగా వచ్చింది. సాకు చెప్పడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. మరదలు మిషను దగ్గరి ఎత్తు పీట తెచ్చుకుంది. ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుంది. తమ్ముడు ఆమె భుజం పక్కన, నేను ఎదురుగా అద్దం పట్టుకుని బల్లకున్న గాజు పలక కిందినుంచి వెలుతురు పడేలా కూర్చున్నాం. ముఖంలోంచి వెలుతురు మా ముగ్గురి మీద పడింది.

నుదుటి పట్టీ విడింది. చాకు పోయిన దారిలో సీసం పెదవి మెల్లగా పైకి లేచింది, బట్ట అంచు మడిచినట్టే ఆమె దాన్ని వెనక్కి మడిచింది. ముక్క జారి దూది మీదికి వచ్చింది. చెంప పట్టీ విడింది. వీధిలో బరువైన లారీ ఒకటి వెళ్ళింది. బల్ల సన్నగా అదిరింది. మరదలు చాకు పైకెత్తి, అది దూరమయ్యేదాకా గాల్లోనే పట్టుకుని ఉంది. ఆ చేతిలో వణుకు లేదు. తమ్ముడు ముఖాన్ని కాదు, ఆ చేతిని చూస్తున్నాడు.

గడ్డం ముక్క మాత్రం రాలేదు. పట్టీ కోసి మడిచినా కదలదు. ఎప్పటిదో లప్పం రాయిలా గట్టిపడి దాన్ని పట్టేసింది.

"కాస్త కదిపి చూడనా?" అంది మరదలు.

"వద్దు. నూనె వెయ్యి. ఆగు."

నూనె చుక్కలు వేశాం, ఆగాం. ఇంకా ఆగాం. ఆగడమే ఈ పనిలో కష్టం. మరదలు చాకు వీపుతో తాకబోయింది. తమ్ముడి కుడిచెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు కదా. ముఖానికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగి, గాల్లో వణికింది. వాడు దాన్ని వెనక్కి తీసుకుని, తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

"పక్కనుంచి," అన్నాడు. "గడ్డం కింద, అంచు వైపు. అడ్డంగా కాదు. నీ గోరుతో."

ఆమె చాకు పెట్టేసి బొటనవేలి గోరు ఆనించింది. టిక్కుమంది.

నా చేతిలో అద్దం పక్కకు ఒరిగింది, ముఖం చీకటైంది. "అక్కా, వెలుతురు," అన్నాడు తమ్ముడు. సరిచేశాను. పగిలింది లప్పం. గోధుమరంగు పెచ్చు ఒకటి దూది మీద పడి ఉంది. గడ్డం ముక్క మరదలి అరచేతిలో పడుకుంది.

కుట్లన్నీ పోయిన ముఖం దూది మీద ముక్కలుగా ఉంది. పట్టీల కింద ఎవరూ చూడని కుంచె గీతలున్నాయి. నుదుటి మీది పట్టీ ఎడమ కనుబొమ్మను సగం కప్పేసింది ఇన్నాళ్ళూ. ఆ కనుబొమ్మ కొద్దిగా ముడిపడి ఉంది. కుట్ల వెనక ఆమె ప్రశాంతంగా ఉందని మేమంతా అనుకున్నాం. ఆమె ప్రశాంతంగా లేదు. పిల్ల తర్వాతి మాట సరిగా చదువుతుందో లేదోనని చూస్తోంది.

"ఈవిడకీ బెంగే," అంది మరదలు.

అతకడం దగ్గర భయం తక్కువ. ముక్కల్ని దగ్గరికి జరిపి పగులు మొదట్లో జిగురు చుక్క పెడితే, అది దానంతటదే లోపలికి పాకుతుంది. చివర తమ్ముడు గాజు గీకే సూది అడిగి తీసుకున్నాడు. ముఖానికి చుట్టూ వచ్చే పట్టీ కింద దాగే అంచున తన గుర్తు గీశాడు. వాడి గుర్తు చిన్న మెట్ల వరుస. నిలువు గీతలు నిలవలేదు, మెట్లు పడవలా ఊగాయి. చెరపలేదు. ఆ సూదిని పెళ్ళానికి అందించాడు. "నాకేం గుర్తుంది?" అంటూనే ఆమె పక్కన ఒక సూది గీసింది, బెజ్జంతో సహా. నేను సీసం వేసి మూశాను.

కిటికీ మళ్ళీ ఎక్కించేలోపే డాక్టరు దగ్గరికి వెళ్ళాం, ముగ్గురం. ఆయన మందులు రాసి, జబ్బు పేరు చెప్పాడు. "నెమ్మదింపజేయొచ్చు, పోగొట్టలేం" అన్నాడు. మరదలు ఆ పేరును నాచేత రెండుసార్లు చదివించుకుంది.

ఎక్కించే రోజున తమ్ముడు పరంజా ఎక్కలేదు. కింద నిలబడి తాపీ మేస్త్రీకి చెబుతూ ఉన్నాడు. తీగలు కట్టారు, గాడిలో కొత్త సున్నం నింపారు, బయటి చెక్కలు ఒక్కొక్కటిగా ఊడదీశారు. ఎదుటి స్తంభం మెల్లగా ఎరుపెక్కింది. ఫాదరు గారు తల ఎత్తి చాలాసేపు చూసి, "ఈవిడ మనల్ని గమనిస్తున్నట్టుందే" అన్నారు.

తాళాల తాత కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికాడు. నుదుటి అంచున, పెచ్చు లేచిన చోట, వెలుతురు చుక్కలా మెరుస్తోంది. "ఒక కుట్టు మిగిల్చారు, నయం. దానికి మొక్కుకుంటాం," అన్నాడు.

పక్క తలుపు గడప దగ్గర మరదలు ఫ్లాస్కు విప్పి అందరికీ టీ పోసింది. తమ్ముడి గ్లాసు సగమయ్యేసరికి చెయ్యి ఆపింది.

"నిండా పొయ్యి," అన్నాడు తమ్ముడు.

ఆమె నన్ను చూసింది. నేను వాణ్ణి చూశాను. పక్కన ఫాదరు గారున్నారు, మేస్త్రీ ఉన్నాడు, తాత ఉన్నాడు. ఆమె అంచు దాకా పోసింది. వాడు ఒంటిచేత్తో, కుడిచేత్తో, గ్లాసు ఎత్తాడు. టీ వేళ్ళ మీదుగా తొణికి, మణికట్టు మీదుగా జారి గడప రాయి మీద పడింది. మేస్త్రీ మాట ఆగిపోయింది. ఫాదరు గారు గ్లాసు వైపు చూసి, తమ్ముడి ముఖం వైపు చూశారు.

"గుడి గడప మీద టీ. తుడవాల్సింది నేనేగా," అన్నాడు తాత.

"తుడువు తాతా. ఇకనుంచి ఎప్పుడూ ఉండే పనే," అన్నాడు తమ్ముడు.

గ్లాసు నోటి దాకా చేరేసరికి అందులో మిగిలింది సగమే. అది నింపాదిగా తాగాడు.